పదకొండో పాఠం

పదకొండో పాఠంలో మదాం రెనే అనే ఆవిడ
వేసవి సెలవులకి ఓ చిన్న ఊరికెళ్తుంది.
పొద్దున్నే రొట్టె కొంటుంది.
ఫౌంటెన్ పక్కన కూర్చుంటుంది.
మధ్యాహ్నం కిటికీలు మూసి నిద్రపోతుంది.
సాయంత్రం ఏటి గట్టున నడుస్తుంది.
అంతే. నాలుగు పేజీలు.
ఆవిడకి ఫోను రాదు, గ్యాసు అయిపోదు,
ఇడ్లీపిండి పులిసి గిన్నెదాటి పొంగదు.

"ఇదంతా మీకు జరిగినట్టు రాసుకురండి"
అన్నారు సవరిముత్తు మాస్టారు,
తమిళ యాసలో ఫ్రెంచీ
ఫ్రెంచి యాసలో తమిళమూ మాట్లాడే పుదుచ్చేరి మనిషి.
యాభై మూడేళ్ళకి నాకు హోంవర్కు!

సరే, మాదీ టౌనే కదా. కాక్స్ టౌను.
ఆ కాక్స్ ఏ దొరో ఇక్కడెవరూ అడగరు.
సెలవు కూడా ఉంది,
బ్యాంకులో మురిగిపోబోతున్న ఏడింట్లో ఒకటి.

రొట్టె కొన్నాను.
అంటే దిల్‌పసంద్. రొట్టే అనుకోవాలి.
బేకరీ అబ్బాయి కన్నడ పేపరు చింపి చుట్టిచ్చాడు.
ఇల్లు చేరేలోపు నూనె పీల్చి
వెనకవైపు క్రికెట్ స్కోరు ఇటువైపుకి తేలింది,
తలకిందులుగా. ఎవరు గెలిచారో తెలీలేదు.

ఫౌంటెన్ లేదనుకున్నాను.
ఉంది.
మా వీధి మలుపులో కావేరి పైపు పగిలి
జానెడెత్తున ఎగురుతోంది పదకొండు రోజులుగా.
ఒక కాకి రెక్కలు విదిలించి విదిలించి స్నానం చేస్తోంది
పెళ్ళికి వెళ్ళాల్సినదానిలా.
ఎస్తేరమ్మ మెట్ల మీద కూర్చున్నాను.
"ఫోన్ చేశారా?"
"చేశాం. వస్తారంట."
బిందె కింద ఇంకో బిందె జరుపుతూ అంది,
"మెల్లగా రానీ లేమ్మా."

మధ్యాహ్నం కిటికీ తలుపులు మూశాను.
చెల్లెలి కూతురు హిమజ, ఎనిమిదేళ్ళది,
రసపురి మామిడిపండుని అరచేతుల మధ్య నలుపుతూ
నా పుస్తకంలోకి తొంగిచూసింది.
ఇల్ ఫే బో.
వాతావరణం బాగుంది అనడానికి
వాళ్ళు "బాగా చేస్తోంది" అంటారట.
ఎవరు చేస్తున్నారు? మాస్టారికీ తెలీదు.
"మరి మనమేమంటాం పెద్దమ్మా?"
ఎండ కాస్తోంది అంటాం.
"మామిడిచెట్టు కాసినట్టా?"
అవునే. అదే మాట.
"మరి ఎండ ఎప్పుడు పండుతుంది?"

యాభై మూడేళ్ళుగా ఆ మాట నోట్లో వేసుకు తిరుగుతున్నాను,
ఒక్కసారీ కొరికి చూడలేదు.
చీకిన టెంకని దాని బొటనవేళ్ళు వదలడం లేదు.
మోచేతి దాకా కారిన పసుపు
పదకొండో పాఠం మీద బొట్లుబొట్లుగా పడింది,
సరిగ్గా మదాం రెనే నిద్రపోతున్న చోట.
నేనూ నిద్రపోయాను.

నాలుగింటికి వాన. ఐదు నిమిషాలు.
ఉతికిన బట్టలకి మాత్రమే సరిపోయేంత.

ఏరు లేదు గనక
ఈస్ట్ స్టేషన్ దాకా పట్టాల వెంట నడిచాం.
రాలిన తురాయి రేకులు చెప్పులకి అంటుకున్నాయి.
గూడ్సు బండి వచ్చింది,
ఏరులాగే, తొందర లేకుండా, ఎటో ఏదో మోసుకుంటూ.
హిమజ పెట్టెలు లెక్కపెట్టింది.
నలభై ఒకటి దగ్గర ఎవరో చేయి ఊపారు.
అదీ ఊపింది, లెక్క పోయింది.

రాత్రి హోంవర్కుకి కూర్చున్నాను.
ఫ్రెంచిలో "నేను" అంటే "జ" అట.
ఒక్కక్షరం. ఇంత చిన్న నేను!
అదీ ప్రతి వాక్యం ముందూ నిలబడాలి
హాజరు పిలిచినప్పటిలా.
మనకయితే కొన్నాను, కూర్చున్నాను, నిద్రపోయాను...
నేనేదో చివర తోకలో ముడుచుకుని ఉంటాను,
మంచం కింద పిల్లిలా.
మరిచిపోయిన జలన్నిటికీ రేపు ఎర్రసిరా పడుతుంది.
పడనీ.

దిల్‌పసంద్ సగం మిగిలింది. చీమలు కనుక్కున్నాయి.
తొమ్మిదిన్నరకి కింద లారీ చప్పుడు, టార్చిలైట్లు.
జలమండలి వాళ్ళొచ్చి
మా ఫౌంటెన్‌ని కట్టేసి వెళ్ళిపోయారు.